మూసిన పిన్నీసులు

నరసన్నపేట బస్టాండు దాటాక మందుల షాపుల వరసలో, మేడమీద ఒక లేబు ఉండేది. మెట్లెక్కగానే రక్తం తీసే బల్ల, దాని వెనక ఆకుపచ్చ తెర, తెర అవతల కిటికీ పక్కన మైక్రోస్కోపు. లేబు నరసింగరావుది. గోడకి తగిలించిన సర్టిఫికెట్టు ఆయనది, రిపోర్టుల కింద సంతకం ఆయనది. మైక్రోస్కోపు ముందున్న స్టూలు మాత్రం అన్నమ్మది. పంతొమ్మిదేళ్ళు ఆమె ఆ స్టూలు మీదే కూర్చుంది.

అన్నమ్మ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. పని నేర్పినవాడు తండ్రి కృపానిధి. ఆయనా చదువుకున్నవాడు కాదు. మిషనాసుపత్రిలో నేల తుడిచే పనికి చేరాడు. కొన్నాళ్ళకు గాజు స్లైడులు కడిగే పనికి మార్చారు. కడుగుతూ కడుగుతూ వాటిమీద ఏముందో చూడాలనిపించి, డాక్టరుగారు భోజనానికి వెళ్ళినప్పుడు మైక్రోస్కోపుకి కన్ను ఆనించి చూశాడు. పదేళ్ళు పోయేసరికి డాక్టరుగారే సందేహం వస్తే ఆయన్ని పిలిచి చూపించేవారు. ఆసుపత్రి మూతపడ్డ రోజున కృపానిధి ఇంటికి తెచ్చుకున్నది ఒక్కటే, స్లైడులు పెట్టుకునే చెక్కపెట్టె.

ఆ కాలంలో మర్మాంగాల మీద పుండుతో వచ్చేవాళ్ళు ఎక్కువ. పుండంటే అందరికీ ఒకటే పేరు, సుఖవ్యాధి. కృపానిధి అలా ఒప్పుకునేవాడు కాదు. నొప్పి లేకుండా, అంచు గట్టిగా, ఒకే ఒక్కటి వస్తే అది సవాయి, అంటే సిఫిలిస్. దానికి రక్తం చూడాలి. మెత్తగా, చీముతో, ముట్టుకోనివ్వని నొప్పితో ఉండి గజ్జల్లో బిళ్ళ కడితే అది వేరు. దాని క్రిములు స్లైడు మీద చేపల గుంపు ఒకే దిక్కుకి ఈదుతున్నట్టు బారులు తీరి ఉంటాయి. చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేచి, చితికి, మానిపోయి మళ్ళీ వచ్చేది ఇంకొకటి. ఇక నాలుగోది నెలల తరబడి పాకుతుంది. పచ్చిమాంసంలా ఎర్రగా ఉంటుంది, నొప్పి ఉండదు, దూది తగిలితే చాలు రక్తం కారుతుంది. ఈ నాలుగోది రక్తపరీక్షలో దొరకదు. పుండు అంచునుంచి ఆవగింజంత కండ తీసి, రెండు స్లైడుల మధ్య నలిపి, ఆరబెట్టి, రంగువేసి చూడాలి. పెద్ద పెద్ద కణాల లోపల చిన్న సంచులు, సంచుల్లో క్రిములు. రెండు కొసలా ముదురుగా, మధ్యలో తేలికగా.

“సూది కాదు, పిన్నీసు. మూసేసిన పిన్నీసు. అది కనిపించేదాకా లెగవకు,” అనేవాడు కృపానిధి.

రంగు పోసి రెండు నిమిషాలు, రెట్టింపు నీళ్ళు కలిపి పది నిమిషాలు. ఆయనకు చేతిగడియారం లేదు. చర్చిలో పాడే కీర్తన ఒకటి నెమ్మదిగా రెండుసార్లు పాడితే సరిగ్గా పది నిమిషాలు. అన్నమ్మకి గడియారం ఉన్నా ఆ కీర్తనే లెక్క. ఇంకో పద్ధతి కూడా తండ్రిదే. మగవాడైనా ఆడదైనా తెర వెనక పడుకున్నాక ఒక తుండుగుడ్డ ఇచ్చి, మొహం మీద కప్పుకోమనేవాడు. అలా చేస్తే పడుకున్నవాళ్ళు బిగుసుకుపోరు, చెయ్యి వణకకుండా పని అవుతుంది.

2010 దాటేసరికి ఈ పనికి గిరాకీ పోయింది. పెద్దాసుపత్రుల్లో రంగురంగుల మందుపెట్టెలు వచ్చాయి. పుండు ఉందా, నీటిపొక్కులు ఉన్నాయా అని అడుగుతారు. పెట్టె తెల్లదో ఎర్రదో తేలిపోతుంది. మైక్రోస్కోపు అక్కర్లేదు. అది చాలామందికి మేలే చేసిందని అన్నమ్మ కూడా ఒప్పుకునేది. లేబుకి దూరంగా ఉన్న ఊళ్ళలో అంతకంటే దారి లేదు. కాని తెల్లపెట్టెలో ఉన్నది ఒక్కపూట మందు. నాలుగో రకం పుండుకి ఒక్కపూట చాలదు. తగ్గినట్టే తగ్గి, మళ్ళీ పాకుతుంది.

ఎర్రన్న లేబు మెట్లెక్కింది 2014 సెప్టెంబరులో. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, ముప్పైనాలుగేళ్ళ మనిషి. ఏటా ఆగస్టులో గుజరాత్ వెరావల్ వెళ్ళి, అక్కడి బోట్ల మీద ఎనిమిది నెలలు పనిచేసి, వేసవికి ఇంటికొచ్చేవాడు. తండేలు చేసేవాడు, అంటే బోటు నడిపించే పెద్ద. ఆ ఏడు వెళ్ళలేదు. చేతిలో డాక్టరు చీటీ ఉంది. విశాఖలో ఆపరేషను, దానికి ముందు రక్తపరీక్షలు. రక్తం తీస్తూ అన్నమ్మ ఏం ఆపరేషనని అడిగింది. అతను తలదించుకుని కేన్సరన్నాడు. ఎక్కడ అంటే రెండో చేత్తో లుంగీ దగ్గరికి లాక్కున్నాడు.

సూది తీసి దూది అద్దాక ఆమె మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. ఎప్పుడు మొదలైంది, నొప్పి ఉందా, రక్తం కారుతుందా. సంక్రాంతి ముందు వెరావల్‌లో ఉండగా చిన్న గుల్లలా లేచిందట. మే నెలలో తెల్లపెట్టె మందు మింగాడట. సగం మానింది, వాన్లు పడేసరికి మళ్ళీ పెరిగింది. నొప్పి మాత్రం ఏ రోజూ లేదు. చూసిన డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని, ఇది కండ పెరిగిన తీరు, కోసెయ్యాలి అన్నాడట.

అన్నమ్మ తెర వైపు చూపించింది. ఎర్రన్న కదల్లేదు. ఆడమనిషి ముందు ఎలా అని అతని బాధ. ఆమె తుండుగుడ్డ తీసి చేతిలో పెట్టింది. “మొగానికి కప్పుకో తమ్ముడూ. నాను సూసేది పుండుని, నిన్ను కాదు.”

ఆ రోజు ఏమీ దొరకలేదు. పుండు నిండా మైలుతుత్తం పొడి, పసుపు. ఆసుపత్రికి వెళ్ళేముందు ఇంట్లో శుభ్రంగా కడిగి, నాటుపొడి అద్ది వెళ్ళడం అక్కడివాళ్ళకు అలవాటు. పెద్దల ఎదుటికి మాసినబట్టతో పోకూడదన్నట్టే. డాక్టరు ముందు వాసన రాకూడదని చేసిన ఆ శుభ్రమే చూడాల్సిన క్రిమిని చంపేస్తుంది. స్లైడు మీద ఆకుపచ్చ మరకలు తప్ప ఏమీ లేవు. లేవని రాసేస్తే పని అయిపోయేది. అన్నమ్మ రాయలేదు. మూడు రోజులు ఉప్పునీళ్ళ దూది తప్ప మరేదీ పెట్టొద్దని, నాలుగో రోజు పొద్దున్న ఏమీ పూయకుండా రమ్మని చెప్పి పంపింది.

అతను వచ్చాడు. కండ తీసి, నలిపి, రంగుపోసి, కీర్తన రెండుసార్లు పాడింది. ఆయిల్ లెన్సు దించి చూస్తే ఇరవై నిమిషాలకి మొదటి కణం దొరికింది. దాని పక్కన ఇంకొకటి. సంచుల నిండా మూసిన పిన్నీసులు. తండ్రి పెట్టెలోంచి పాత స్లైడు తీసి పక్కన పెట్టి చూసుకుంది. తేడా లేదు.

నరసింగరావు కూడా చూశాడు. చూసినవాడు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. రిపోర్టు మీద ఆ పేరుకి గడి లేదన్నాడు. పెద్ద డాక్టరు కేన్సరని రాసినదానికి మనం వేరే పేరు ఎలా పెడతాం, రేపటినుంచి ఆయన ఒక్క చీటీ పంపుతాడా అన్నాడు. చివరికి నవ్వేశాడు.

“ఏటి అన్నమ్మా, మీ నాన్న జబ్బులు ఇంకా ఉన్నాయా? అవి దొరలతోటే ఓడెక్కీసాయి.”

“దొరలు ఎల్లిపోయారు సార్. పుండు ఎల్లనేదు,” అంది అన్నమ్మ. ఆయన అంతకుమించి వాదించలేదు. కాగితం మీద అచ్చు వెయ్యనూ లేదు.

లేబు పేరు ముద్రించి ఉన్న రిపోర్టు కవరు ఒకటి తీసుకుని, దాని వెనక అన్నమ్మ తన చేత్తో రాసింది. జబ్బు పేరు తెలుగులోనూ, తండ్రి నేర్పినట్టు ఇంగ్లీషు అక్షరాల్లోనూ. స్లైడు నంబరు. కోసేముందు తీసిన ముక్కని ఈ రంగుతో చూడమని ఒక వాక్యం. మూడు వారాలకి తక్కువ కాకుండా, పుండు పూర్తిగా మానేదాకా మందు మింగితే పోతుందని, భార్యకి కూడా చూడాలని ఇంకో వాక్యం. అది ఎర్రన్న చేతికిచ్చి, కోతకి ముందు ఎవరికి చూపించాలో రెండుసార్లు చెప్పింది.

బతికిపోయానని మొక్కుతాడనుకుంది. అతను బల్లమీద కూలబడిపోయాడు.

“కేన్సర్ కాదా?”

“కాదు.”

“మరి ఇది ఎలగొస్తాది?”

ఎలా వస్తుందో అన్నమ్మ చెప్పింది. అతను చాలాసేపు కవరు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఆమెని అక్కగా పిలుస్తూనే, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. “ఊరు ఊరంతా గంగమ్మకి నా పేరు సెప్పి మొక్కీసింది అప్పా. తండేలుకి కేన్సరొచ్చిందని ఒక్కపొద్దున్నారు ఆడోల్లు. ఇప్పుడెల్లి ఏటని సెప్పను? వెరావల్‌లో తెచ్చుకున్నానని సెప్పనా?”

అన్నమ్మకి ఆ మాట అప్పుడు గట్టిగా తగల్లేదు. మనిషి భయంలో ఉన్నాడు, ఇంటికి వెళ్ళాక కుదుటపడతాడు అనుకుంది. స్లైడు కుదిరింది, కాగితం రాసింది, చెప్పాల్సింది చెప్పింది. పని అయిపోయిందనుకుంది. నెల తర్వాత ఒకసారి వచ్చి కనపడమంది. అతను రాలేదు. మానినవాళ్ళు మళ్ళీ మెట్లెక్కరు కదా అని ఆమె సంతోషించింది కూడా.

ఆ ఊళ్ళో మొక్కు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఊరి ఆడవాళ్ళు తలొక ఘటం ఎత్తి ఒడ్డుకు వెళ్తారు. జబ్బు పేరూ మనిషి పేరూ కలిపి, అందరూ వినేట్టు అమ్మవారికి చెప్తారు. అలా చెప్పిన పేరు మార్చడం ఉండదు. మార్చితే ఊరంతా కలిసి అబద్ధమాడినట్టు. ఆ ఏడు చేపలవేట సరిగా సాగకపోతే నింద ఆ అబద్ధం మీదికే పోతుంది. అందుకని ఆ ఊళ్ళో జబ్బుకి డాక్టరు పెట్టిన పేరు మారొచ్చు గాని మొక్కులో చెప్పిన పేరు మారదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం దాలమ్మ అనే మనిషి లేబుకి వచ్చింది. నడుం దగ్గర దోపుకున్న గుడ్డసంచి తీసి, దానికి పెట్టిన పిన్నీసు విప్పి, లోపలినుంచి నాలుగు మడతల కవరు బయటకు తీసింది. చదువు రాదని, ఈ కవరు మీద మీ లేబు పేరు ఉందని ఆటోవాడు తీసుకొచ్చాడని చెప్పింది.

“మా ఇంటాయన ట్రంకుపెట్టిలో కార్డుల కింద దొరికిందప్పా. ఏటి కాయితమో సూసి సెప్పు. మందు కాయితమైతే నాకూ పనికొస్తాదేమోనని తెచ్చాను.”

అన్నమ్మ తన అక్షరాలు తనే చూసుకుంది. ముందు మొగుడెలా ఉన్నాడని అడిగింది.

అక్టోబరులో విశాఖలో ఆపరేషనైందట. ముక్క తీసి చూసినవాళ్ళు కూడా కేన్సరనే రాశారట. ఆ పుండులో చర్మం పెరిగే తీరు కేన్సరులాగే కనిపిస్తుందని, వేరే రంగువేసి వెతికితే తప్ప తేడా తెలియదని కృపానిధి ఎప్పుడో చెప్పాడు. వెతకమని రాసిన కాగితం ట్రంకుపెట్టెలో ఉంది. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళు వెతకలేదు. “అంతా తీసీసారు. పేనం దక్కింది, అదే సాలు,” అంది దాలమ్మ. ఇప్పుడతను సముద్రం మీదికి వెళ్ళడు. మగవాళ్ళు బహిర్భూమికి ఒడ్డుకు చేరకముందే, చీకటుండగానే వెళ్ళి వచ్చేస్తాడు. పగలంతా వలలు అల్లుతూ ఒక్కడే కూర్చుంటాడు. ఒడ్డుకొచ్చిన ప్రతి తెప్పా అతని ఇంటికి ఒక వాటా చేపలు పంపుతుంది. కేన్సరుని గెలిచిన తండేలని పిల్లలు దూరంనుంచి చూపించుకుంటారు. మొక్కు తీరిన రోజున అందరికంటే ముందు ఘటం ఎత్తుకుని నడిచింది దాలమ్మే.

ఇదంతా చెప్పి, గొంతు తగ్గించి తన సంగతి చెప్పింది. రెండు నెలలుగా తనకీ పుండు ఉందట. నొప్పి లేదట. కేన్సరు అంటుకుంటుందా అని అడిగింది. పూసినవి ఏమైనా ఉన్నాయా అని అన్నమ్మ అడిగితే, ఆయనకి పూసిన మైలుతుత్తం చూశాక భయమేసి తనేమీ పూయలేదంది.

తెర వెనక తుండుగుడ్డ ఇవ్వబోతే అక్కర్లేదని పైట చెంగే మొహాన కప్పుకుంది. కండ, స్లైడు, రంగు. ఆ రోజు అన్నమ్మ కీర్తన పైకి పాడలేదు. నోట్లోనే లెక్కపెట్టుకుంది.

ఈసారి వెతకాల్సిన పనే లేకపోయింది. కన్ను ఆనించగానే కనిపించాయి.

అబద్ధం చెప్పడానికి అప్పటికి వీలుంది. నీది కేన్సరు కాదు, ఆయన జబ్బుతో సంబంధం లేని వేరే పుండు, మందుతో పోతుంది అంటే సరిపోయేది. అన్నమ్మ నోరు తెరిచేలోపే దాలమ్మ లేచివచ్చి మైక్రోస్కోపు పక్కన నిలబడింది. తనకి చూపించమంది. చూశాక అడిగింది. “ఆ కాయితంలో రాసింది కూడా ఇదేనా?”

అన్నమ్మ చెక్కపెట్టె తెరిచి, సెప్టెంబరు స్లైడు తీసి పెట్టింది. దాలమ్మ ఒక కన్ను మూసుకుని చూసింది. తర్వాత తన స్లైడు మళ్ళీ పెట్టమంది. అలా మూడుసార్లు మార్పించింది. వలలో మడతలు వెతికి చిరుగు పట్టుకునే మనిషి, తొందరపడలేదు.

“రెండూ ఒకలాగే ఉన్నాయి,” అంది చివరికి. “పిన్నీసుల్లాగ.”

“ఔను.”

“ఆయనకి సెప్పావా?”

“సెప్పాను. కోతకి ముందే. ఈ కాయితం ఆయన చేతికే ఇచ్చాను.”

దాలమ్మ కూర్చోలేదు, ఏడవలేదు. బల్లమీద ఉన్న తన సంచి పిన్నీసు తీసి మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. తల మీద ఘటంతో ఎండలో తను ఎంత దూరం నడిచిందో చెప్పింది. ఆసుపత్రిలో ఇరవైరెండు రోజులు నేలమీద పడుకున్న సంగతి చెప్పింది. ఎవరికి చెబుతోందో తెలియనట్టు కిటికీలోంచి రోడ్డు చూస్తూ చెప్పింది. ఆఖరున ఒక్కటి అడిగింది. “ఇదే మందు ఆయనకి అప్పుడేస్తే?”

అన్నమ్మ స్లైడు మీద ఉన్నదే చెప్పే మనిషి. మానిపోయేదంది.

దాలమ్మ కవరు మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది. “నా పేరుమీద కాయితం రాయకు అప్పా. ఆయన బతికున్నన్నాల్లూ అది కేన్సరే.”

ఈసారి అన్నమ్మ కాగితం రాయలేదు, ఎవరినీ ఒంటరిగా పంపలేదు. మర్నాడు సెలవు పెట్టి, స్లైడు రుమాల్లో చుట్టుకుని, దాలమ్మని వెంటబెట్టుకుని శ్రీకాకుళంలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. బస్సులో ముప్పావుగంట. డాక్టరమ్మ స్లైడు చూసింది, దాలమ్మని చూసింది, ఎవరు రంగువేశారని అడిగింది, మందు రాసింది. ఇద్దరికీ వెయ్యాలని, కోతతో అంతా పోయిందని అనుకోవడానికి లేదని చెప్పింది. మొత్తం పావుగంట పట్టింది. తిరుగుబస్సులో అన్నమ్మ ఆ ముప్పావుగంటనీ పావుగంటనీ కలుపుకుంటూ కూర్చుంది. సెప్టెంబరులో తను ఎర్రన్నతో ఈ బస్సెక్కి ఉంటే సరిపోయేది. అప్పుడా ఆలోచనే రాలేదు. చేతిపని సరిగ్గా చేస్తే చాలని, మిగతాది మాటలవాళ్ళు చూసుకుంటారని తండ్రిలాగే ఆమె కూడా నమ్మింది.

నాలుగు వారాల తర్వాత దాలమ్మ వచ్చింది. తెర వెనక పడుకుని పైట మొహాన కప్పుకుంది. పుండు మానింది; లేత గులాబిరంగు మచ్చ మిగిలింది. అన్నమ్మ చేతులు కడుక్కుంటూ, ఆయనకి కూడా మందు వేశావా అని అడిగింది.

“ఏసాను. కేన్సర్ మళ్ళీ రాకుండా డాక్టరమ్మ ఇచ్చిందని సెప్పాను.” దాలమ్మ పైట తీసి, చెంగు సర్దుకుని, పిన్నీసు పెట్టుకుంది. “నా ఎదరే మింగీవోడు. ఒక్కరోజైనా ఏటి మందని అడగనేదప్పా.”